తుపాకీ వద్దని నేను రాసిన కారణం

ముప్పై మూడేళ్ళు రెవెన్యూలో పనిచేసి తహసీల్దారుగా రిటైరయ్యాను. తుపాకీ చేతికిస్తే ఎటువైపు పట్టుకోవాలో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అయినా ఫలానా మనిషి ఇంట్లో తుపాకీ ఉండొచ్చా ఉండకూడదా అని ఏళ్ళ తరబడి రిపోర్టులు రాశాను. ప్రభుత్వోద్యోగంలో ఇలాంటి వింతలు చాలా ఉంటాయి, అలవాటైపోతాయి.

మా మేనకోడలు ఈమధ్యే డిప్యూటీ తహసీల్దారుగా చేరింది. చేరిన నెలకే ఒక ఆయుధ లైసెన్సు దరఖాస్తు విచారణకి వచ్చిందట. పాత రిపోర్టు ఫార్మాట్ ఏదైనా ఉంటే పంపమని ఫోన్ చేసింది. ఫార్మాట్ ఉంది. నింపడం పది నిమిషాల పని. ఆ పది నిమిషాల పనిలోనే నా సర్వీసు మొత్తం మీద పెద్ద తప్పు చేశాను. అది ఫోన్లో చెప్పే సంగతి కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. తనతోపాటు ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే మిగతావాళ్ళు కూడా చదువుకుంటారని ఆశ. పేర్లు మార్చాను. ఊరు చెప్పను. పాలకొల్లుకీ మొగల్తూరుకీ మధ్య ఎక్కడో అనుకోండి.

రెండు పక్షాలు

తుపాకుల గురించి మన దగ్గర పెద్దగా గొడవ లేదని చాలామంది అనుకుంటారు. ఆ సీట్లో కూర్చుంటే తెలుస్తుంది. దొంగ దగ్గర నాటు తుపాకీ ఉంటుంది, చట్టానికి కట్టుబడి ఉన్నవాడి చేతులు మాత్రం కట్టేస్తారు, ఇదెక్కడి న్యాయమని ఒక పక్షం. ఇళ్ళల్లో తుపాకులు ఎందుకు, ఉన్నవి కూడా లాగేసుకోండని ఇంకో పక్షం. ఒకరికి మూడుదాకా ఉండొచ్చన్నది రెండుకి తగ్గించినప్పుడు తాతల నాటి తుపాకులున్న కొందరు పెద్దలు మా ఆఫీసుకొచ్చి, ఇంట్లో మనిషిని పంపించేయమన్నంత బాధపడ్డారు. అదే వారంలో ఒక స్కూలు మాస్టారు వచ్చి, రెండు కూడా ఎందుకని నన్ను నిలదీసి వెళ్ళారు.

మన చట్టం ప్రకారం తుపాకీ హక్కు కాదు, అనుమతి. దాన్ని పట్టుకుని మా వాళ్ళు కొందరు, ఇస్తే దయ, ఇవ్వకపోతే మా ఇష్టం అన్నట్టు నడుచుకుంటారు. అది కూడా తప్పే. దరఖాస్తు పెట్టుకున్నవాడికి తుపాకీ మీద హక్కు లేకపోవచ్చు. సరైన విచారణ మీద, నిజమైన జవాబు మీద హక్కుంది. ఈ మాట నేను గొప్పగా చెప్పడం లేదు. నాకు ఆలస్యంగా తెలిసింది, అదీ దెబ్బ తగిలాక.

ఇంట్లో ఎవరితో మాట్లాడారు?

నాకీ పని నేర్పింది ఒక ఆర్డీవో గారు. మంచి అధికారే గానీ మంచి మనిషని చెప్పలేను. ఫైలు నచ్చకపోతే గది గుమ్మం దాకా విసిరేవారు. లైసెన్సు ఫైలు తీసుకెళితే ముందు ఒకటే అడిగేవారు, "ఇంట్లో ఆడవాళ్ళతో మాట్లాడారా?" అని. లేదంటే ఫైలు వెనక్కి. అరవై కిలోమీటర్లు మళ్ళీ వెళ్ళి రావాల్సిందే. తుపాకీ అడిగేది మగవాడు, దానితో కాపురం చేసేది ఇంట్లోవాళ్ళందరూ అనేవారు. అప్పట్లో అది వట్టి చాదస్తం అనిపించేది.

చాదస్తం కాదని మెల్లగా తెలిసింది. మగవాళ్ళు వీధి గదిలో ప్రాణభయం గురించి చెబుతారు. లోపలికి వెళితే అసలు సంగతి బయటపడుతుంది. ఒక పెద్దాయన తనకి శత్రువులున్నారని గంటసేపు చెప్పారు. ఆయన తల్లి, తొంభై ఏళ్ళావిడ, మంచం మీంచే నవ్వి, శత్రువులూ లేరు గిత్రువులూ లేరు, వియ్యంకుడింట్లో తుపాకీ ఉంది, వీడికి లేదు, అదీ వీడి బాధ అంది. వద్దని రాయడానికి ఆ మాటే నాకు చాలింది. ఆయన కోపం తెచ్చుకోలేదు. పైగా వారం తర్వాత ఆత్రేయపురం పూతరేకుల డబ్బా పంపించారు. డబ్బా తిప్పి పంపాను. అందులో నాలుగు మా డ్రైవరు అప్పటికే తినేశాడని తర్వాత తెలిసింది.

బ్యాంకు గేటు దగ్గర లాఠీ

ఇంకో పక్షం న్యాయం నాకు నేర్పింది ఇజ్రాయేలు గారు. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చి, మా ఆఫీసుకి ఎదురుగా ఉన్న బ్యాంకులో గార్డుగా ఉండేవారు. తుపాకీ ఆయన సొంతం. అది ఉంటేనే ఆ ఉద్యోగం.

ఎన్నికలొచ్చాయి. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు స్టేషన్లో పెట్టించడం మామూలే. నిజానికి ఒక్కొక్కరి సంగతీ విడిగా చూసి, ఎవరిది తీసుకోవాలో ఎవరిది అక్కర్లేదో ఒక కమిటీ తేల్చాలి. బ్యాంకు గార్డుల్లాంటివాళ్ళకి మినహాయింపు ఇవ్వాలి. ఆ కమిటీకి నోట్ తయారుచేసే పని నా మీద పడింది. ఎన్నికల పనితో ఊపిరాడని రోజులు. పేరు పేరునా చూసే ఓపిక లేక "అందరూ" అని ఒక్క మాట రాసేశాను. సంతకాలు కూడా అంతే వేగంగా అయిపోయాయి.

మర్నాటి నుంచి ఇజ్రాయేలు గారు బ్యాంకు గేటు దగ్గర లాఠీ పట్టుకుని నిలబడ్డారు. మూడో రోజు ఇస్త్రీ చేసిన ఖాకీ బట్టలతో నా ముందుకొచ్చి నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నామీద ఏదైనా కేసుందాండి?" అన్నారు.

లేదన్నాను.

"తాగి గొడవ చేసానని ఎవరైనా కంప్లైంట్ ఇచ్చారాండి?"

లేదన్నాను.

"మరి ఏ తప్పుకి తీసుకున్నారండి?"

అందరివీ తీసుకున్నామని చెప్పాను. అది జవాబు కాదని చెబుతున్నప్పుడే నాకు తెలుస్తోంది. నెలాఖరులోగా తుపాకీ రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని, బ్యాంకుకి గార్డుల్ని పంపే ఏజెన్సీవాళ్ళు ఆయనతో అప్పటికే అన్నారట. ఆ సంగతి మాత్రం నాతో చెప్పలేదు, బ్యాంకు మేనేజరు చెప్పారు. నేనే మళ్ళీ నోట్ పెట్టి, పోలీసువాళ్ళ వెంటపడి, మినహాయింపు తెప్పించేసరికి రెండు వారాలు పట్టింది. ఉద్యోగం నిలిచింది. ఆ తర్వాత రోజూ ఉదయం నా జీపు ఆగగానే రోడ్డవతల నుంచి సెల్యూట్ కొట్టేవారు. నాకు సిగ్గుగా ఉండేది.

వంటింట్లో అన్న మాట

ఇక అసలు సంగతి. వీరభద్రరావు గారని ఒక చేపల చెరువుల రైతు డబుల్ బ్యారెల్ తుపాకీకి దరఖాస్తు పెట్టారు. చెరువులు ఊరికి దూరంగా ఉన్నాయి. రెండుసార్లు ఎవరో వల వేసి చేపలు పట్టుకుపోయారు. ఒకసారి చెరువులో మందు కలిపారు, తెల్లారేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలాయి. అన్నిటికీ పోలీసు కేసుల కాపీలున్నాయి, నాకు చూపించారు.

మనిషి నెమ్మదస్తుడు. గొంతు పెంచి మాట్లాడటం నేను వినలేదు. తుపాకీ ఎక్కడ పెడతారని అడిగితే, పడకగదిలో గోడకి బిగించిన ఇనుప బీరువా చూపించి, తాళం తన దగ్గరే ఉంటుందన్నారు. తూటాలకి వేరే అర. రూల్స్ అన్నీ ముందే చదువుకున్నారు. పోలీసులు అభ్యంతరం లేదని రాశారు. నేనూ రాసేదాన్నే.

ఆర్డీవో గారు నేర్పిన అలవాటు ప్రకారం మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళాను. ఆయన భార్య రత్నకుమారి గారు కాఫీ కలుపుతున్నారు. నలభై దాటి ఉండవు. పిల్లలిద్దరూ దూరంగా హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. తుపాకీ ఇంట్లో ఉంటే మీకేమైనా ఇబ్బందా అని మామూలుగా అందరినీ అడిగినట్టే అడిగాను.

ఆవిడ గ్లాసులోకి కాఫీ వంపుతూనే, తలెత్తకుండా అన్నారు.

"ఆయనకివ్వకండి మేడమ్ గారు."

ఎందుకని అడిగాను.

"ఇవ్వకండి, అంతే. నేనన్నానని మాత్రం రాయకండి. ఈ ఇంట్లో నేనుండాలి కదండి."

తర్వాత ట్రే పట్టుకుని నాకంటే ముందే వీధి గదిలోకి వచ్చి, భర్త పక్కన నిలబడి, పంచదార సరిపోయిందా అని అడిగారు. సరిపోయిందన్నాను.

నేను రాసిన కారణం

ఆఫీసుకొచ్చి చాలాసేపు ఆలోచించాను. ఆవిడ మాట రాస్తే అది ఆయన కళ్ళబడుతుంది. దరఖాస్తు కాదంటే కారణం అడిగి తెలుసుకునే హక్కు ఆయనకుంది. కాబట్టి ఆవిడ పేరు లేకుండా పని జరగాలి. ఇలా రాశాను: దరఖాస్తుదారు ప్రాణానికి గానీ ఆస్తికి గానీ చెప్పుకోదగ్గ ముప్పు ఉన్నట్టు విచారణలో కనపడలేదు, చెరువులకి కాపలాదారులు ఉన్నారు, తుపాకీ అవసరం లేదు.

అది అబద్ధం. కేసు కాపీలు నా చేతుల్లో పెట్టుకుని చదివి మరీ అలా రాశాను. అయినా ఆరోజు నా మీద నాకు మంచి అభిప్రాయమే కలిగింది. ఒక ఆడమనిషిని గుట్టుగా కాపాడాననుకున్నాను. ఇంటికెళ్ళి మావారితో కూడా, పేర్లు చెప్పకుండా, గొప్పగానే చెప్పాను.

నా రిపోర్టు చూసి కలెక్టరు గారు దరఖాస్తు తిరస్కరించారు. వీరభద్రరావు గారు లాయరుని పెట్టుకుని అప్పీలుకి వెళ్ళారు. ఆ లాయరు పెద్దగా కష్టపడాల్సిన పని కూడా లేకపోయింది. దొంగతనం కేసులు ఇవిగో, మందు కలిపిన కేసు ఇదిగో, ముప్పు లేదని తహసీల్దారు గారు ఎలా రాశారు అన్నాడు. దానికి జవాబేముంది? విచారణ మొక్కుబడిగా జరిగిందని నన్ను తప్పుపడుతూ లైసెన్సు ఇమ్మని ఆర్డరొచ్చింది. చదివితే అది న్యాయమైన ఆర్డరే. ఆ మనిషికి నిజంగా అవసరం ఉంది, నేను లేదని రాశాను.

అప్పటికి ఆ ఆర్డీవో గారు వేరే జిల్లాకి బదిలీ అయ్యారు. ఉండబట్టలేక ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన తిడతారనుకున్నాను. తిట్టలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది.

"ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఫైల్లో రాసి, ఈ కారణం దరఖాస్తుదారుకి తెలియజెయ్యడం ప్రజాప్రయోజనం కాదని కలెక్టరు గారి చేత రాయించొచ్చు. చట్టంలోనే ఆ దారి పెట్టారు. మీరు ఆ సెక్షన్ ఎప్పుడైనా చివరిదాకా చదివారా?" అన్నారు.

చదవలేదు. అన్నేళ్ళుగా ఫార్మాట్ నింపుతున్నాను గానీ, ఆ ఫార్మాట్ ఏ చట్టం కింద పుట్టిందో దాన్ని పూర్తిగా ఎప్పుడూ చదవలేదు. మేనకోడలికి ముందుగా చెప్పదలచుకున్నది ఇదే. ఎవరో ఇచ్చిన పాత రిపోర్టు చూసి రాయొద్దు. ఆ సెక్షన్లు నాలుగైదు పేజీలకి మించి ఉండవు, కూర్చుని చదువుకో.

ఆ తర్వాత ఇంకో తప్పు చేశాను. అది ఏ ఫైల్లోనూ లేదు. ఆ ఊరికి ఎన్నిసార్లు వెళ్ళినా ఆ వీధిలోకి వెళ్ళలేదు. ఒకసారి పంచాయతీ ఆఫీసు దగ్గర రత్నకుమారి గారు ఎదురుపడితే, ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని జీపెక్కేశాను. దసరాకి ఎవరో మండలం వాట్సాప్ గ్రూపులో ఆయుధపూజ ఫొటో పెట్టారు. వీరభద్రరావు గారింట్లో దేవుడి గది. తుపాకీకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, పటాల పక్కన నిలబెట్టారు. ఫొటో కింద గ్రూపులోవాళ్ళందరూ దణ్ణాల బొమ్మలు పెడుతున్నారు. పండక్కి ఆయుధాలు పూజలో పెట్టడం మనవైపు కొత్తేమీ కాదు. అది కార్తీకంలోనూ అక్కడే ఉంది, వేరే ఫొటోలో కనపడింది. బీరువాలో తాళం వేసి ఉండాల్సిన వస్తువు. వీఆర్వోని పంపించి ఒక్క మాట అనిపించొచ్చు. మళ్ళీ ఆ ఇంటి జోలికి ఎందుకని ఊరుకున్నాను.

కర్టెన్ రాడ్లు

ఒక సోమవారం, అర్జీలు తీసుకునే రోజు, హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. రత్నకుమారి గారు వరసలో నిలబడి వచ్చారు. ముందున్నవాళ్ళని తోసుకోలేదు, తన వంతు వచ్చేదాకా ఆగారు. చేతిలో పాత దుప్పటి చుట్టిన పొడుగాటి మూట ఉంది. దాన్ని నా టేబుల్ మీద పెట్టి, "ఇది మీరు తీసుకోండి" అన్నారు.

దుప్పటి కొస తప్పించి చూశాను. తుపాకీ. కట్టె మీద ఎండిపోయిన పసుపు, కుంకుమ. హాల్లోవాళ్ళని భోజనం తర్వాత రమ్మని బయటికి పంపించి, అటెండరుని పరిగెత్తించి ఎదురు బ్యాంకు నుంచి ఇజ్రాయేలు గారిని పిలిపించాను. మా ఆఫీసు మొత్తంలో దాన్ని ముట్టుకోవడం తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.

ఆయన తుపాకీని గోడవైపు తిప్పి, మధ్యలో మడత దగ్గర వంచి తెరిచారు. రెండు గొట్టాల్లోంచీ రెండు తూటాలు బయటికొచ్చాయి.

"ఎలా తీసుకొచ్చారమ్మా?" అని అడిగారు.

"బస్సులోనండి. కర్టెన్ రాడ్లని చెప్పాను. ఒళ్ళో పెట్టుకున్నాను."

ఇజ్రాయేలు గారు ఆ తూటాలు టేబుల్ మీద పెట్టి కుర్చీలో కూర్చుండిపోయారు. నా ముందు ఏనాడూ కూర్చోని మనిషి. నాకైతే ఆ బస్సులో ఉన్నవాళ్ళందరూ కళ్ళ ముందు కనపడ్డారు. నేను రాసిన ఒక్క అబద్ధం వాళ్ళందరి మధ్యా కూర్చుని మా ఆఫీసుదాకా వచ్చింది.

భర్త చేపల బేరానికి భీమవరం వెళ్ళారట. అలా వెళ్ళే రోజు కోసం నెలరోజులుగా చూస్తున్నానని చెప్పారావిడ. కొట్టారా అని అడిగాను. లేదన్నారు. కాల్చారా, గురిపెట్టారా? లేదు. గొంతు కూడా పెంచరని చెప్పారు.

"కాల్చక్కర్లేదు కదండి" అన్నారు. "అన్నానికి కూర్చున్నప్పుడు దేవుడి గదిలోంచి తెచ్చి పక్కన పెట్టుకుంటారు. పిల్ల ఫీజు గురించో, మా అక్కయ్య గారింటికి వెళ్ళడం గురించో నేను ఏదైనా మాట ఎదురు చెబితే, దాన్ని కొంచెం ఇటు జరుపుతారు. మళ్ళీ అన్నం కలుపుకుంటారు. అంతేనండి."

స్టేట్‌మెంటు

తుపాకీ తీసుకునే అధికారం నాకు లేదు, స్టేషన్లో పెట్టాలి. ఇజ్రాయేలు గారు తూటాలు వేరుగా, తుపాకీ వేరుగా పట్టుకున్నారు. ముగ్గురం జీపులో వెళ్ళాం. ఎస్సై చిన్నవాడు, మర్యాదస్తుడు. అంతా విని ఇబ్బందిగా తల గోక్కున్నాడు. లైసెన్సు ఆవిడది కాదు, తూటాలు ఎక్కించి ఉన్న తుపాకీ బస్సులో తెచ్చారు, చట్టప్రకారం ముందు ఆవిడ మీదే కేసు అవుతుందని చెప్పాడు. అతను అన్నదాంట్లో తప్పు లేదు.

అప్పుడు నేను మళ్ళీ అదే పని చేయబోయాను. ఎన్నికలు దగ్గర్లోనే ఉన్నాయి కదా, భర్త చెబితేనే ముందుగా డిపాజిట్ చెయ్యడానికి తెచ్చారని రాసుకుందాం, ఆవిడకి ఏ గొడవా ఉండదని ఎస్సైతో అన్నాను. ఎస్సైకి కూడా అది నచ్చింది. కాగితం ముందుకి లాక్కున్నాడు.

రత్నకుమారి గారు నావైపు తిరిగారు. "మళ్ళీ నా గురించి వేరే ఏదో రాస్తారా మేడమ్ గారు?" అన్నారు. "అప్పీలు ఆర్డరొచ్చినప్పుడు ఆయన అది నాకు చదివి వినిపించారండి. మీరేం రాశారో అందులో ఉంది. అవసరం లేదని రాశారంట, నేను చెప్పింది ఒక్క ముక్క లేదు. అది రాసుంటే ఇది ఇంటికొచ్చేది కాదేమో. కేసయితే అవ్వనివ్వండి. ఈసారి నేను చెప్పింది చెప్పినట్టు, నా పేరుతో రాయండి."

రాయొద్దన్నది మీరే కదా అని నేను అనొచ్చు. అనలేదు. ఆవిడ భయపడి అడిగింది, దారి తెలియాల్సింది నాకు. తలొంచుకుని కాగితం నేనే తీసుకుని రాయడం మొదలుపెట్టాను. చదివి వినిపిస్తుంటే ఒక చోట ఆపమన్నారు. "భర్త తుపాకీతో బెదిరించేవాడు" అని రాసిన చోట.

"బెదిరించలేదండి. పక్కన పెట్టుకుని అన్నం తినేవారు. అది రాయండి."

బెదిరించేవాడని ఉంటేనే కేసు గట్టిగా నిలబడుతుందని ఎస్సై మెల్లగా చెప్పి చూశాడు. ఆవిడ వినలేదు. జరగనిది రాస్తే ఆయన లాయరు అదే పట్టుకుంటాడు, పోయినసారి పట్టుకున్నట్టే అన్నారు. ముప్పై ఏళ్ళ సర్వీసున్న నాకు రాని తెలివి. ఆ వాక్యం కొట్టేసి ఆవిడ చెప్పిందే రాశాను. కింద పూర్తి పేరుతో సంతకం పెట్టి, ఆ సాయంత్రమే వాళ్ళ అక్కయ్య గారింటికి వెళ్ళిపోయారు. ఆవిడ మీద కేసు పెట్టాలా వద్దా అని పైకి రాశారు. తెచ్చింది అప్పగించడానికే కాబట్టి అక్కర్లేదని చాలా రోజులకి జవాబొచ్చింది. అప్పటిదాకా ఆవిడకి నిద్ర ఉందో లేదో నాకు తెలియదు, నాకైతే లేదు.

లైసెన్సు రద్దు చేసేముందు లైసెన్సుదారుని పిలిచి వినాలి. కలెక్టరేట్లో విచారణ పెట్టారు. వీరభద్రరావు గారు అదే లాయరుతో, తెల్ల చొక్కాతో వచ్చారు. రత్నకుమారి గారు, వాళ్ళ అక్కయ్య వెనక బెంచీ మీద కూర్చున్నారు. లాయరు బాగానే వాదించాడు. నా క్లయింటు కాల్చలేదు, కొట్టలేదు, బెదిరించాడని భార్య కూడా చెప్పడం లేదు, లైసెన్సున్న మనిషి తన వస్తువు తన ఇంట్లో తన దగ్గర పెట్టుకోవడం తప్పెలా అవుతుంది, బీరువాలో పెట్టలేదంటారా, జరిమానా వెయ్యండి అన్నాడు. వింటుంటే నాకే భయమేసింది. ఒక్కొక్క మాటా నిజమే.

కలెక్టరు గారు స్టేట్‌మెంటు ఇంకోసారి చదువుకుని, లాయరుని కాకుండా వీరభద్రరావు గారిని అడిగారు, అన్నం తినేటప్పుడు తుపాకీ పక్కన పెట్టుకుంటారా అని.

"పెట్టుకుంటానండి. నా తుపాకీ, నా ఇల్లు" అన్నారాయన, ఎప్పటిలాగే నెమ్మదిగా.

"దొంగలు చెరువు దగ్గర కదండి. అన్నం దగ్గర ఎందుకు?"

లాయరు ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. ఆయన గమనించలేదు. అందులో దాచుకోవాల్సింది ఏముందన్నట్టే చెప్పారు.

"ఇంట్లోవాళ్ళు మాట వినాలి కదండి."

కలెక్టరు గారు స్టెనోవైపు తిరిగి, ఆయన అన్నది అన్నట్టే టైపు చెయ్యమన్నారు. లైసెన్సు రద్దు చేసిన ఆర్డరులో కారణంగా ఆ మాటే ఉంది, ఇంకేమీ లేదు. వీరభద్రరావు గారు మళ్ళీ అప్పీలుకి వెళ్ళారు. వెళ్ళడం ఆయన హక్కు. ఈసారి ఆ కారణం అబద్ధమని చెప్పడానికి లాయరుకి ఏమీ దొరకలేదు.